ఒక ఎద్దు కూలబడితే

(హైదరాబాద్‌లో పైలట్ శిక్షణ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక మాజీ కార్గో పైలట్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. చివరి వరస దాకా వినిపిస్తోందా? సరే.

మొన్న ఒక తండ్రి నాకు ఫోన్ చేశారు. "మేడమ్, మా వాడు మల్టీ ఇంజిన్ రేటింగ్‌కి వెళ్తున్నాడు. ఇకనుంచి రెండు ఇంజిన్లు కదా, ఒకటి ఆగినా ఇంకోటి ఉంటుంది, మేం నిశ్చింతగా పడుకోవచ్చు కదా" అన్నారు. ఆయన ఈ హాల్లోనే ఉన్నారు. ఆ రోజు ఫోన్లో నాకు జవాబు సరిగ్గా రాలేదు. అవునంటే అబద్ధం, కాదంటే ఆయనకి నిద్ర పట్టదు. ఆ జవాబు వివరంగా చెప్పడానికే ఈ సాయంత్రం వచ్చాను.

మా తాతగారిది నల్గొండ దగ్గర పల్లె. వేసవి సెలవులకి వెళ్తే ఆయన బండెక్కి కూర్చునేదాన్ని. కాడికి ఎడమపక్క దాపటెద్దు, కుడిపక్క ఎలపటెద్దు. ఒకరోజు వాగు దాటి ఒడ్డెక్కుతుంటే దాపటెద్దు మోకాళ్ల మీద కూలబడింది. ఎలపటెద్దుకి అదేమీ తెలీదు, బలమంతా పెట్టి లాగుతూనే ఉంది. బండి ఎటు తిరిగింది? ఎడమకి, కూలబడ్డ ఎద్దు వైపుకి. ఎడమ చక్రం ఒడ్డు అంచుకి జారింది. తాత ఆ క్షణంలో ఏం చేశాడో నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంది. కొరడా ముట్టలేదు. రెండు చేతులతో ఎలపటెద్దు పగ్గం బిగబట్టి, బాగున్న ఎద్దుని ఆపాడు. బండి నిలబడింది. మెల్లగా వెనక్కి జారి వాగులో ఇసుక మీద ఆగింది. మేం తడిశాం. ఎవరికీ ఏమీ కాలేదు. బాగున్న ఎద్దుని ఆయన అదిలించి ఉంటే బండి బోల్తాపడేది.

చిన్న ట్విన్ విమానంలో, అంటే రెండింజిన్ల విమానంలో, టేకాఫ్ కాగానే ఒక ఇంజిన్ ఆగితే జరిగేది ఇదే. ఎడమ ఇంజిన్ ఆగిందనుకోండి. కుడి ఇంజిన్ పూర్తి శక్తితో లాగుతుంటుంది. ముక్కు ఎడమకి తిరుగుతుంది. అలా తిరుగుతూ కుడి రెక్క వేగంగా ముందుకి వస్తుంది కాబట్టి దానికి లిఫ్ట్, అంటే పైకి ఎత్తే బలం, పెరుగుతుంది. ఎడమ రెక్క మీద ప్రొపెల్లర్ కొట్టే గాలి ఆగిపోయింది కాబట్టి అది కుంగుతుంది. విమానం తిరుగుతూ ఒరుగుతుంది. దాన్ని పట్టి ఉంచేది మన కుడికాలు, ఆ కాలితో తిప్పే రడ్డర్, అంటే తోక మీద నిలువుగా ఉండే పలక. రడ్డర్‌కి సొంత బలం లేదు, దాని మీదుగా పారే గాలే దాని బలం. వేగం తగ్గితే గాలి తగ్గుతుంది, రడ్డర్ బలమూ తగ్గుతుంది. ఒక వేగం దగ్గర ఎంత తొక్కినా ముక్కు ఆగదు. స్పీడ్ మీటర్ మీద ఎర్ర గీత ఉండేది ఆ వేగం దగ్గరే. వీఎంసీఏ అంటాం, ఒక ఇంజిన్ మీద విమానాన్ని అదుపులో ఉంచగలిగే కనీస వేగం.

పిల్లలూ, ఆ ఎర్ర గీత ఎలా కట్టారో తెలుసుకోండి. కొత్త విమానం, బాగున్న ఇంజిన్ వైపు 5 డిగ్రీల దాకా ఒరిగించి, పరీక్ష కోసమే ఎక్కిన పైలట్, ఏం జరగబోతోందో ముందే తెలిసినవాడు, కాలితో 150 పౌండ్ల దాకా, అంటే 68 కిలోల దాకా తొక్కి కట్టిన లెక్క అది. మీకు ముందు తెలియదు. మొదటి రెండు సెకన్లు నమ్మబుద్ధి కాదు. అప్పటికి రెక్కలు ఒరిగి ఉండాల్సిన వైపుకి కాకుండా రెండో వైపుకి ఒరిగి ఉంటాయి. కాబట్టి ఆ రోజుకి మీ ఎర్ర గీత, మీటర్ మీది గీతకన్నా పైన ఉంటుంది.

ప్రొపెల్లర్లు రెండూ పైలట్ కంటికి కుడివైపుకే తిరిగే విమానాల్లో ఎడమ ఇంజిన్ పోవడం ఎక్కువ ప్రమాదం. ముక్కెత్తి ఎక్కుతున్నప్పుడు కిందికి దిగే బ్లేడే ఎక్కువ లాగుతుంది. కుడి ఇంజిన్‌లో ఆ బ్లేడ్ విమానం నడుముకి దూరంగా ఉంటుంది, చేయి చాచి లాగినట్టు. సెనెకా, సెమినోల్ లాంటి చిన్న ట్విన్‌లలో ప్రొపెల్లర్లు ఎదురెదురు తిరుగుతాయి కాబట్టి ఈ తేడా ఉండదు. ఇది క్లాసులో ఎలాగూ చెప్తారు, ఇక్కడ ఆగను.

నేను ఆగి చెప్పాలనుకుంటున్నది లెక్క. తల్లిదండ్రులు కూడా వినండి, మూడో తరగతి తీసివేతలే.

ఒక్కో ఇంజిన్‌కి 100 పాళ్ల శక్తి ఉందనుకుందాం. మొత్తం 200. విమానం ఎక్కకుండా, దిగకుండా మట్టంగా పోవడానికే 80 పాళ్లు ఖర్చవుతాయనుకుందాం. మిగిలిన 120 పాళ్లు ఎత్తు ఎక్కడానికి. ఇప్పుడు ఒక ఇంజిన్ ఆగింది. చేతిలో 100. మట్టంగా పోయే ఖర్చు తగ్గదు, పెరుగుతుంది. రడ్డర్ అడ్డం పడింది, విమానం కాస్త ఒరిగి పోతోంది. 85 అనుకోండి. ఎక్కడానికి మిగిలింది 15. అంతకుముందు 120, ఇప్పుడు 15. శక్తి సగమే పోయింది, ఎక్కే బలంలో మాత్రం ఎనిమిది వంతుల్లో ఏడు పోయాయి. ఇది నేను పట్టుకున్న అంకెల వల్ల వచ్చిన వింత అనుకోకండి. చాలా చిన్న ట్విన్‌లలో ఒక ఇంజిన్ పోతే ఎక్కే వేగం నూటికి 80 పైనే పడిపోతుంది.

ఆ 15 పాళ్లు కూడా ఊరికే రావు. ఆగిన ఇంజిన్ ప్రొపెల్లర్ గాలికి గిరగిరా తిరుగుతుంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి చేయి పెడితే అరచేయి గాలికి అడ్డంగా ఉన్నప్పుడు ఎంత తోస్తుంది, చేతి అంచు తిప్పితే ఎంత తేలికవుతుంది, అందరం చిన్నప్పుడు చూసిందే. బ్లేడ్లని అలా అంచు తిప్పి పెట్టడమే ఫెదర్ చేయడం. మా తాత బండిలో అయితే కూలబడ్డ ఎద్దుని కాడి నుంచి విప్పడం. చక్రాలు కింద వేలాడుతున్నా ఖర్చే, రెక్కల వెనక అంచున ఉండే పలకలు, ఫ్లాప్స్, దిగి ఉన్నా ఖర్చే. వీటిలో ఏ ఒక్కటి మిగిలిపోయినా 15 కాస్తా సున్నా అయిపోయి, విమానం కిందికి రావడం మొదలవుతుంది.

ఇప్పుడు ఈ లెక్కని మన ఊరికి తీసుకొద్దాం. శంషాబాద్ సముద్రమట్టానికి 2,024 అడుగులు. బేగంపేట 1,740 చిల్లర. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు. శంషాబాద్ ఎత్తులో ప్రమాణంగా ఉండాల్సిన వేడి 11 డిగ్రీలు. 29 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే దాదాపు 3,500. అంటే విమానానికి ఆ గాలి 5,500 అడుగుల ఎత్తు గాలిలా పల్చగా ఉంటుంది. నైరోబీలో విల్సన్ విమానాశ్రయం ఎత్తు దాదాపు అంతే. మే నెలలో శంషాబాద్ రన్‌వే మీద నిలబడ్డవాడు తనకి తెలియకుండానే నైరోబీ ఎత్తులో నిలబడ్డట్టు. కార్గో రాత్రిపూట నడుపుతాం కాబట్టి చల్లగా ఉంటుంది అనుకోకండి. మే రాత్రి 30 డిగ్రీలున్నా లెక్క 4,000 దాటుతుంది.

ఆ పల్చటి గాలిలో టర్బోచార్జర్, అంటే గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే పరికరం, లేని ఇంజిన్ ఆరింట ఐదు వంతులే ఇస్తుంది. 100 బదులు 83. మీటర్‌లో అదే వేగం చూపించాలంటే నిజానికి ఇంకా వేగంగా పోవాలి, కాబట్టి 85 ఖర్చు కాస్తా 92 అవుతుంది. 83 లోంచి 92 తీసేయండి. తల్లుల్లో ఎవరో తల ఊపుతున్నారు. అవునమ్మా, పోదు. అప్పు పడింది. ఆ అప్పు ఎత్తుతో తీర్చాలి, ఎత్తు మన దగ్గర లేదు. ఎంత గొప్ప పైలట్ ఉన్నా ఆ మధ్యాహ్నం ఆ బరువుతో ఆ విమానం ఒక ఇంజిన్ మీద ఎక్కదు. సెమినోల్ పుస్తకంలో ఒక ఇంజిన్ మీద సర్వీస్ సీలింగ్ 4,000 అడుగులు కూడా లేదు. ఒక ఇంజిన్ మీద సర్వీస్ సీలింగ్ అంటే నిమిషానికి 50 అడుగులు మాత్రమే ఎక్కగలిగే ఎత్తు. మన ఎండకి నేల మీద ఉండగానే ఆ ఎత్తు దాటేసి ఉంటాం.

ఇంకో ముక్క. పల్చటి గాలిలో బాగున్న ఇంజిన్ కూడా తక్కువ లాగుతుంది కాబట్టి ఎర్ర గీత వేగం తగ్గుతుంది. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ రెక్క స్టాల్ అయ్యే, అంటే ఎత్తే బలం కోల్పోయే, వేగం మీటర్‌లో అలాగే ఉంటుంది. రెండూ దగ్గరికొస్తాయి. రెండూ ఒకేసారి జరిగితే విమానం వెల్లకిలా తిరిగి స్పిన్‌లోకి పోతుంది, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడుతుంది. 300 అడుగుల్లో దాన్ని సరిచేయడం ఎవరి తరమూ కాదు.

(నీళ్లు తాగి) బాగున్న రోజు సంగతీ చెప్పాలి. చలికాలం ఉదయం, బరువు తక్కువ, అన్నీ సరిగ్గా చేశారు, విమానం నిమిషానికి 200 అడుగులు ఎక్కుతోంది. వేగం 100 నాట్లు, అంటే నిమిషానికి మూడు కిలోమీటర్ల పైన. 500 అడుగులు ఎక్కడానికి రెండున్నర నిమిషాలు, ఏడున్నర కిలోమీటర్లు. బేగంపేట నుంచి తూర్పుకి లేస్తే పికెట్, మారేడ్‌పల్లి దాటి మల్కాజిగిరి దాకా ఇళ్ల మీదుగా, నీళ్ల ట్యాంకుల మీదుగా, కుడికాలు వణుకుతుండగా పోవాలి. చిన్న ట్విన్‌లో అన్నీ కలిసొచ్చిన రోజు కూడా అలాగే ఉంటుంది.

నేను బేగంపేటలోనే ఎగరడం నేర్చుకున్నాను. ఆ నేల అంటే నాకు చాలా ఇష్టం. నిజాం కాలంలో దక్కన్ ఎయిర్‌వేస్ కంపెనీ డకోటా విమానాలు అక్కడి నుంచే లేచేవి. ప్రేమ్ మాథుర్‌గారు దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌గా ఉద్యోగంలో చేరింది ఆ కంపెనీలోనే. 1953లో ఎనిమిది కంపెనీలని కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు దక్కనూ అందులో కలిసింది. డకోటా కూడా రెండింజిన్లదే, సరుకులు మోసి మోసి అరిగిపోయిందే. ట్విన్‌ల కష్టం ఈ ఊరికి కొత్త కాదు.

తర్వాత కొన్నేళ్లు నేను తూర్పు ఆఫ్రికాలో కార్గో నడిపాను. పైపర్ చీఫ్టన్ అనే చిన్న ట్విన్. గరిష్ఠ బరువు 7,000 పౌండ్లు, 3,175 కిలోలు. సీట్లు పీకేసి సరుకు వేసేవాళ్లం. పోయేటప్పుడు మందులు, పత్రికల కట్టలు. వచ్చేటప్పుడు ఏది దొరికితే అది. ఒకరోజు ఉత్తరాన ఒక మట్టి రన్‌వే. ఎత్తు దాదాపు బేగంపేట అంతే, ఎండ మన మే నెలంతే. సరుకు ఎండుచేపల బస్తాలు. ఇరవై. ఒక్కోటి 40 కిలోలని కాగితం. అక్కడ కాటా లేదు. ఒక బస్తా ఎత్తి చూశాను, నలభై కన్నా ఎక్కువే అనిపించింది. అన్నాను కూడా. కంపెనీ మనిషి "ఎప్పుడూ ఇలాగే పోతుంది, చీకటి పడుతోంది" అన్నాడు. నేను ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం గురించి చెప్పడానికే ఇదంతా చెప్తున్నాను.

చక్రాలు నేల వదిలాయి. యాభై అడుగులుంటుందేమో. చేయి గేర్ లివర్ మీద, అంటే చక్రాలు పైకి ఎత్తే పిడి మీద ఉంది. ఎడమ ఇంజిన్ ఆగలేదు. ఆగి ఉంటే నాకు ఇంకా తొందరగా తెలిసేది. దగ్గినట్టు అయింది, విమానం వణికింది, ముక్కు ఎడమకి లాగింది, కాసేపు సర్దుకుంది, మళ్లీ లాగింది. సగం చచ్చిన ఇంజిన్ పూర్తిగా చచ్చినదానికన్నా మోసకారి. "వస్తుందేమో" అని ఆశ పెడుతుంది. నేను ఆ ఆశలో మూడు సెకన్లు ఉన్నాను. వేగం నీలి గీత కింద ఉంది. నీలి గీత అంటే ఒక ఇంజిన్ మీద బాగా ఎక్కగలిగే వేగం. చూస్తుండగానే సూది ఎర్ర గీత వైపు జారుతోంది. స్టాల్ హారన్ మోగడం మొదలైంది.

అప్పుడు తాత గుర్తొచ్చాడని చెప్తే కథలా ఉంటుంది. ఎవరూ గుర్తు రాలేదు. చేయి గేర్ లివర్ వదిలి రెండు థ్రాటిళ్లూ, ఇంజిన్ల శక్తి పెంచి తగ్గించే పిడులు, వెనక్కి లాగింది. అంతే. విమానం తిన్నగా అయింది, గట్టిగా నేలకి తగిలింది. రన్‌వే ఇంకా వంద మీటర్లే మిగిలింది. దాటి ముళ్లపొదల్లోకి పోయాం. ఒక చక్రం కాలు విరిగింది. వెనక బస్తాలన్నీ ఒక్కసారి నా వీపు మీదికి వచ్చాయి. నెట్ ఆపింది. ఆ నెట్ కట్టిన కుర్రాడికి పదిహేడేళ్లు ఉంటాయేమో. బయల్దేరే ముందు ప్రతి కొక్కెం రెండుసార్లు లాగి చూశాడు. నేను ఇవాళ ఇక్కడ నిలబడ్డానంటే సగం ఆ అబ్బాయి చలవే.

టర్బోచార్జర్ నుంచి ఇంజిన్‌కి గాలి తెచ్చే గొట్టం క్లాంప్ దగ్గర ఊడిపోయింది. అది తర్వాత తేలింది. ఇంకోటి కూడా తేలింది. బస్తాలు దింపి తూస్తే సగటున 47 కిలోలు. ఇరవై బస్తాలకి 140 కిలోలు ఎక్కువ. కాగితం మీద 3,175 దాటని విమానం, నిజంగా దాటింది. క్లాంప్ నా చేతిలో లేదు. ఆ 140 కిలోలు నా చేతిలో ఉన్నాయి.

అందుకే అంటున్నాను, ఈ ప్రమాదం గాలిలో మొదలవదు. కాటా దగ్గర మొదలవుతుంది. మూతికి క్యాప్ సరిగ్గా బిగించని ట్యాంకులో వానాకాలం నీళ్లు చేరినప్పుడు మొదలవుతుంది. పొద్దున్నే ట్యాంకు అడుగు నుంచి గ్లాసులోకి పెట్రోల్ తీసి చూడకుండా పోయినప్పుడు మొదలవుతుంది. పిస్టన్ ఇంజిన్ విమానంలో దాని పెట్రోల్ అయిన నీలిరంగు ఏవ్‌గ్యాస్ బదులు జెట్ విమానాల ఇంధనం ఏటీఎఫ్ పోసినప్పుడు మొదలవుతుంది. ట్యాంకులో మిగిలిన మంచి పెట్రోల్‌తో ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ట్యాక్సీ చేస్తుంది, టేకాఫ్ కాగానే అసలు రంగు బయటపడుతుంది.

ఇప్పుడు పాదాల సంగతి. పనిచేయని పాదం వైపు ఇంజిన్ పోయినట్టు. మనవాళ్లు క్లాసులో "డెడ్ ఫుట్, డెడ్ ఇంజిన్" అంటారు. ముక్కు తిన్నగా ఉంచడానికి కుడికాలు తొక్కుతున్నారంటే ఎడమ ఇంజిన్ పోయింది. తర్వాత నిర్ధారించుకోవాలి: పోయిందనుకున్న దాని థ్రాటిల్ మెల్లగా వెనక్కి లాగాలి. ఏ మార్పూ రాకపోతే అదే. మార్పు వస్తే, ముక్కు తిరిగితే, వెంటనే తిరిగి ముందుకి తోయాలి. ఈ ఒక్క సెకను పనిని తొందరలో వదిలేసినవాళ్ల కథలు ఉన్నాయి.

2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా కంపెనీ ఏటీఆర్ అనే రెండు ప్రొపెల్లర్ల విమానం లేచిన నిమిషం లోపే కుడి ప్రొపెల్లర్ తనంతట తాను ఫెదర్ అయింది. కెప్టెన్ ఎడమ థ్రాటిల్ లాగారు. తర్వాత బాగున్న ఆ ఎడమ ఇంజిన్‌నే ఆపేశారు. తప్పు తెలిసేసరికి సమయం లేదు. 58 మందిలో 43 మంది పోయారు. 2021 జులై 2న హోనొలులులో ఒక కార్గో 737, అర్ధరాత్రి దాటాక లేచింది. కుడి ఇంజిన్ దెబ్బతింటే ఎడమది పోయిందనుకున్నారు. బాగున్నదాన్ని వదిలి దెబ్బతిన్నదాని మీద ఆధారపడి చివరికి సముద్రంలో దిగారు. ఇద్దరు పైలట్లూ బతికారు, అది అదృష్టం. 2019 జూన్ 30న టెక్సస్‌లోని ఆడిసన్‌లో కింగ్ ఎయిర్ 350 అనే రెండింజిన్ల విమానానికి టేకాఫ్ కాగానే ఎడమ ఇంజిన్ శక్తి తగ్గింది. పైలట్ మొదట తొక్కింది ఎడమ రడ్డర్. పదిమంది పోయారు. వీళ్లెవరూ కొత్తవాళ్లు కాదు. వాళ్లని తప్పుపట్టడానికి ఈ పేర్లు ఎత్తలేదు. ఆ రెండు సెకన్లలో మనిషి మెదడు ఎలా ఉంటుందో గౌరవంగా గుర్తుంచుకోండి.

ఫెదర్ చేయడంలో ఒక గడియ ఉంది, చాలామంది మర్చిపోతారు. పిస్టన్ ట్విన్‌లలో ఎక్కువ వాటికి ప్రొపెల్లర్ లోపల చిన్న పిన్నులుంటాయి. నేల మీద ఇంజిన్ ఆపినప్పుడు బ్లేడ్లు ఫెదర్ కాకుండా పట్టుకోవడానికి అవి పెట్టారు. తిరుగుడు దాదాపు 800 ఆర్పీఎం కిందికి పడితే ఆ పిన్నులు గడియలా పడి బ్లేడ్లని పట్టేస్తాయి. ఆ తర్వాత ఎంత లాగినా ఫెదర్ కాదు. ఇంజిన్ పట్టేసేలా ఉంటే ఆలస్యం పనికిరాదు.

అమ్మానాన్నలు భయపడుతున్నారు, మీ ముఖాల్లో తెలుస్తోంది. ఒక మాట. మీరు టికెట్ కొని ఎక్కే విమానం వేరు. 2023 జనవరిలో అమెజాన్ ఎయిర్ శంషాబాద్ నుంచి మొదలైంది కదా, ఆ 737 కార్గో విమానాలు కూడా వేరు. రెండింజిన్ల పెద్ద విమానం ఒక ఇంజిన్ మీద, చక్రాలు ఎత్తాక, కనీసం నూటికి 2.4 చొప్పున ఎక్కగలగాలి. కిలోమీటరుకి 24 మీటర్లు. ఆ రోజు ఎండకి, ఆ రన్‌వేకి అంత రాకపోతే బరువు దించాలి. అది చట్టం. 6,000 పౌండ్ల లోపు చిన్న ట్విన్‌ల పాత నిబంధనల్లో, స్టాల్ వేగం 61 నాట్లు దాటని వాటికి, ఒక ఇంజిన్ మీద ఎక్కి తీరాలన్న షరతే లేదు. ఎంత ఎక్కుతుందో, ఎంత దిగుతుందో కొలిచి రాస్తే చాలు. ఆ పుస్తకంలో రాసింది చదవాల్సింది మీ పిల్లలు.

ఎదురుగా ఉన్న చోట దిగడం గురించి చెప్పి ముగిస్తాను. అది ఓటమి అన్నట్టు మాట్లాడతారు, నాకు బాధ కలుగుతుంది. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో నేల తాకి సమంగా ఆగగలిగితే, మూడు మీటర్ల దూరంలో ఆగినా సీటు బెల్ట్ కట్టుకున్న శరీరానికి పడేది దాదాపు 9 జీ, అంటే మన బరువుకి తొమ్మిది రెట్ల బలం. తట్టుకోవచ్చు. అదే 160 అయితే అంతే బలంతో ఆగడానికి పదకొండు మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లు. కాబట్టి రెక్కలు మట్టంగా పెట్టి, వేగం వీలైనంత తగ్గించి, పొలంలోకో పొదల్లోకో ముందుకి దిగినవాడికి బతికే అవకాశం ఉంది. తల్లకిందులుగా పడ్డవాడికి లేదు. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు. చిన్న ట్విన్ దానిలో ఐదో వంతు కూడా వాడకుండా లేస్తుంది. మిగతాదంతా మీ ముందే ఉంటుంది. ఆ రన్‌వే ఉండగా గేర్ ఎందుకు ఎత్తుతారు?

ఇక ప్రశ్నలు అడగండి.

(ఫోన్ చేసిన తండ్రి: అయితే మేడమ్, మా వాడికి సింగిల్ ఇంజిన్ విమానమే మేలంటారా?)

లేదండీ. రాత్రిపూట నల్లమల మీద ఎనిమిది వేల అడుగుల్లో ఉండగా ఇంజిన్ ఆగితే రెండోది ప్రాణం. ఎత్తు ఉంది, వేగం ఉంది, ఆలోచించుకునే టైమ్ ఉంది. మెల్లగా దిగుతూ అయినా ఏదో ఒక రన్‌వే చేరతాడు. మొదటి నిమిషం ఒక్కటే వేరు. ఆ ఒక్క నిమిషంలో రెండో ఇంజిన్‌ని కూడా ఆపేయగల మనసు మీ వాడికి ఉందా అని అడగండి. ఉంటే నిశ్చింతగా పడుకోండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, నాలుగొందల అడుగుల దాకా ఎక్కాక వెనక్కి తిరిగి రన్‌వేకి రావచ్చా?)

ఎక్కుతోందా అమ్మా విమానం? అది మొదటి ప్రశ్న. తిరగడానికి ఒరిగితే ఎక్కే బలం ఇంకా తగ్గుతుంది. నీలి గీత మీద ఉంది, ఫెదర్ అయింది, శుభ్రంగా ఎక్కుతోంది అంటే తిన్నగా వెయ్యి అడుగులు దాకా పో, తర్వాత పెద్ద చుట్టు తిరిగి రా. తొందర లేదు. ఎక్కడం లేదంటే తిరగకు.

నువ్వు, నీలం చొక్కా నాన్నా. లే. వచ్చే వారం నీకు చెక్, ఎగిరి చూపించే పరీక్ష, ఉంది కదా. టేకాఫ్ బ్రీఫింగ్ చెప్పు. తెలుగులో చెప్పు, అర్థమైందో లేదో తెలుస్తుంది.

(విద్యార్థి: చక్రాలు లేవకముందు ఏం తేడా వచ్చినా రెండు థ్రాటిళ్లూ మూసి ఆగుతాను. లేచాక గేర్ కిందే ఉంటే రెండూ మూసి ముందున్న రన్‌వే మీదే దిగుతాను. గేర్ ఎత్తాక నీలి గీత రాకపోతే, లేదా ఎక్కకపోతే, రెండూ మూసి ఎదురుగా ఖాళీ చోట దిగుతాను. నీలి గీత ఉండి ఎక్కుతుంటే ముక్కు పట్టుకుంటాను, పవర్ ముందుకి, ఫ్లాప్స్ పైకి, గేర్ పైకి, గుర్తించు, నిర్ధారించు, ఫెదర్.)

బాగా చెప్పావు. ఇవాళ నీ విమానం బరువెంత?

(విద్యార్థి: లోడ్ షీట్‌లో ఉన్నంత, మేడమ్.)

తూచింది ఎవరు?

(విద్యార్థి జవాబు చెప్పలేదు.)

కూర్చో నాన్నా. రేపు పొద్దున్న ఆరింటికి హ్యాంగర్‌కి రా. మీరందరూ రండి. ముందు కాటా దగ్గరికి వెళ్దాం, విమానం తర్వాత.